అద్దం మీద గీత

ఫిబ్రవరి 10

ఇవాళ చెడిపోయిన కాపీలు ఆరు. అందులో ఒకటి ఈ కాగితం. వెనక ఎవరిదో ఇంటి పన్ను దరఖాస్తు, ఆఫీసు ముద్ర, ఇవాళ్టి తేదీ. పైభాగం తెగిపోయింది కాబట్టి నా పాలబడింది. ఏ రోజు చెడిన కాగితం ఆ రోజు డైరీకే. మా ఆవిడ పోయాక మొదలైన అలవాటు ఇది. చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు కాగితానికి చెప్పుకోవాలి. జిరాక్స్ షాపులో కాగితానికి కరువేముంది.

కుడి అంచున ఆ గీత మామూలే. మిషన్ అద్దం మీద ఎప్పుడో పడ్డ గీటు ప్రతి కాపీ మీదా వెంట్రుకలా దిగుతుంది. అద్దం మార్చమని మెకానిక్ ఆరేళ్ళుగా పోరుతున్నాడు. వెంట్రుకంత గీతకి అంత హడావిడి ఎందుకని నేను.

ఫిబ్రవరి 11

టైలరమ్మ కొత్త కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మా వరసలో నాలుగో కొట్టు ఆమెది. ఇరవై ఏళ్ళుగా నన్ను అన్నయ్యా అంటుంది. నా చొక్కాలకి గుండీలు మిగిలి ఉన్నాయంటే ఆమె చలవే.

"బాబాయ్ అని పిలువు తల్లీ, మనకి పరాయివాడు కాదు" అంది కోడలితో. "ఇకనుంచి నా కార్డూ కాగితాలూ నువ్వే చూసుకోవాలి. సూదిలో దారమే ఎక్కట్లేదు నాకు, ఆ సన్న అక్షరాలేం కనబడతాయి?"

"నమస్తే బాబాయ్" అంది ఆ పిల్ల. రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ దగ్గర వచ్చినవాళ్ళ వివరాలు రాసుకునే ఉద్యోగమట. చురుకైన కళ్ళు.

కొత్త మనిషి కదా అని నా బీరువా చూపించాను. ఊరుకోలేను, అదే నా గొప్ప. ఎవరు గుర్తింపు కార్డు కాపీ తీయించుకున్నా, ఇంకొకటి నేనే తీసి కవర్లో పెట్టి నంబరు వేసి దాచుతాను. మళ్ళీ అవసరం పడితే వాళ్ళు ఉత్తచేతులతో వస్తే చాలు. రెండు వందల పన్నెండు కవర్లు. ఈ సేవ ఇంకే షాపులో ఉంది?

"ముప్పై నాలుగు!" అని కేకేశాను. గొడుగాయన చటుక్కున టైలరమ్మ కవరు తీసి చూపించాడు. షాపు ముందు గొడుగు కింద బల్ల వేసుకుని సిమ్ కార్డులు అమ్ముకుంటాడాయన. ఎండ ఎక్కువైతే లోపలికొచ్చి నా స్టూలు మీద కూర్చుంటాడు. రద్దీగా ఉన్నప్పుడు అడక్కుండానే కవర్లు అందిస్తాడు. నంబర్లన్నీ నాకంటే ఆయనకే బాగా తెలుసు.

"వాళ్ళని అడక్కుండానే దాచుతారా బాబాయ్?" అంది కోడలు.

ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఎవరూ వేయలేదు. ఏదో చెప్పబోతుంటే చేతిలో స్టేప్లర్ జారి సరిగ్గా అద్దం మీద పడింది. గీత పక్కనే పెసరగింజంత చుక్క.

"గీత ఒంటరిగా ఉందని తోడు తెచ్చావా అన్నయ్యా" అని టైలరమ్మ ఒకటే నవ్వు. ఇక నుంచి కాపీకొక గీత, ఒక చుక్క. ఈ కాగితం వెనక కూడా పడింది.

టైలరమ్మ కార్డు కాపీ ఒకటి తీసిచ్చాక కోడలు డబ్బులివ్వబోతే వద్దన్నాను. బాబాయ్ అన్నాక డబ్బులేమిటి.

ఫిబ్రవరి 19

రిటైరైన పంతులమ్మ వచ్చి ముప్పావుగంట ప్రాణం తీసింది. తీసిన కాపీ మీద అడ్డంగా "పెన్షన్ పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. చెడిపోయిన కాపీ నా చేతిలోంచి లాక్కుని నాలుగు ముక్కలు చేసి సంచీలో వేసుకుంది. పోయేముందు మిషన్ మూత తనే ఎత్తి, కార్డు అద్దం మీద మర్చిపోలేదు కదా అని చూసుకుంది. కస్టమర్లలో బీరువాలో కవరు లేనిది ఈమె ఒక్కతెకే.

"మీ పేరు దొంగిలించినవాడు మీ మోకాళ్ళ నొప్పులు కూడా తీసుకోవాలండీ, ఎవడొస్తాడు?" అన్నాను. గొడుగాయన పడీపడీ నవ్వాడు.

"నవ్వు నాయనా, నవ్వు. నీ పేరు మీద నువ్వొక్కడివే బతుకుతున్నావని నీకు నమ్మకమా?" అంది.

చాదస్తం.

మార్చి 2

గొడుగాయన రెండు రోజులుగా రాలేదు. ఒంట్లో బాగాలేదేమో. నీళ్ళ సీసా ఇక్కడే వదిలేశాడు.

మార్చి 9

ఇంకా రాలేదు. ఆయన ఫోను పలకడం లేదు. ఇల్లెక్కడో ఎప్పుడూ అడగలేదు. పేరు కూడా సరిగ్గా తెలియదు. అందరి కార్డులూ నా దగ్గరున్నాయి, ఆయనది తప్ప.

ఏప్రిల్ 3

టైలరమ్మ మెడలో టేపు తీయకుండానే పరుగెత్తుకొచ్చింది. పోలీస్ స్టేషన్ నుంచి కబురట. ఆమె పేరు మీద నాలుగు ఫోన్ నంబర్లున్నాయట. వాటి నుంచి ఎవడో జనానికి ఫోన్ చేసి, మీవాళ్ళు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉన్నారని ఏడిపించి మోసం చేస్తున్నాడట.

"నాకున్నది ఒక్క ఫోను అన్నయ్యా, అది కూడా నాలుగు దెబ్బలు కొడితేగానీ పలకదు. ఇంకో నాలుగు నాకెందుకు?"

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. ధైర్యం చెప్పాను. కార్డు ఎవరి చేతికీ ఇవ్వకూడదని, ఇచ్చిన కాపీ ఏమైందో కనుక్కుంటూ ఉండాలని, రోజులు బాగాలేవని చాలాసేపు చెప్పాను. అంతా శ్రద్ధగా విని తలూపింది.

ఏప్రిల్ 5

తోడు రమ్మంటే స్టేషన్‌కి వెళ్ళాను. ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. ఫైలు తిప్పి ఆమె ముందు పెట్టాడు. సిమ్ దరఖాస్తు, దానికి పిన్ను చేసిన కార్డు కాపీ.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"కాదు బాబూ."

"కార్డు?"

"నాదే."

"సిమ్ అమ్మినవాడి పేరు చూస్తే అదీ దొంగ పేరే. ఈ కాపీ ఎక్కడ్నుంచి పోయిందో తెలిస్తే దారి దొరుకుతుంది. ఇంట్లో మీ కార్డు ఎవరి దగ్గరుంటుంది?"

టైలరమ్మ నా వైపు చూసింది. నేను కాపీ వైపు చూస్తున్నాను.

"నా కోడలి దగ్గర" అంది మెల్లగా.

కాపీ కుడి అంచున సన్నటి గీత ఉంది. చుక్క లేదు.

చాలా మిషన్లకి గీతలుంటాయి. వయసైన మిషన్ అన్నాక గీత పడుతుంది. ఈ ఊళ్ళో ఎన్ని షాపులు లేవు.

ఏప్రిల్ 6

ఇవాళ బీరువా తీయలేదు. పని పడలేదు.

ఏప్రిల్ 7

పని పడలేదు.

ఏప్రిల్ 8

తీశాను. ముప్పై నాలుగు ఖాళీ. కవరు ఉంది, లోపల కాగితం లేదు. వరసగా అన్నీ చూశాను. 9, 12, 34, 41, 58, 77, 103, 104, 130, 166, 201. మొత్తం పదకొండు.

ఎవరి కాపీ వాళ్ళే అడిగి తీసుకెళ్ళి ఉంటారు. నేనే మర్చిపోయి ఉంటాను.

గొడుగాయన అలాంటివాడు కాదు. ఆయన తాగే టీలో సగం నాకే పోసేవాడు.

ఏప్రిల్ 10

మెకానిక్‌ని పిలిచి అద్దం మార్పించాను. ఎప్పటినుంచో అనుకుంటున్నదే.

"ఆరేళ్ళుగా మొత్తుకుంటే వినలేదు. ఇవాళ ఏం పుట్టింది గురువుగారూ?" అన్నాడు.

"కస్టమర్లు అడుగుతున్నారు."

"ఏ కస్టమర్?"

పాత అద్దం తీసుకెళ్తానన్నాడు, ఇవ్వలేదు. సంచిలో చుట్టి, ముక్కలు చేసి, మార్కెట్ వెనక చెత్తకుండీలో వేసొచ్చాను. ఒక ముక్క వేలికి గీసుకుంది. రాయడానికి కష్టంగా ఉంది.

ఈ కాగితం వెనక తెల్లగా, శుభ్రంగా ఉంది.

ఏప్రిల్ 14

బీరువా ఖాళీ చేశాను. మిగిలిన కాపీలన్నీ చించి నీళ్ళ బకెట్‌లో నానబెట్టి ముద్ద చేశాను. నంబర్ల పుస్తకం కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారేమో గానీ, జాగ్రత్త ఎప్పుడు పడినా జాగ్రత్తే కదా.

ఏప్రిల్ 17

టైలరమ్మ కోడలు వచ్చింది. షాపులో ఉన్న ఇద్దరూ వెళ్ళేదాకా గోడ పక్కన నిలబడింది.

"బాబాయ్, మీరొక్క మాట చెప్పాలి. అత్తయ్య కార్డు పట్టుకుని నేను ఇక్కడికి మూడుసార్లే వచ్చాను. మూడుసార్లూ ఒక్కొక్క కాపీయే తీయించాను. మీరే తీశారు కదా?"

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"నేనే ఎక్కువ కాపీలు తీయించి ఎవరికో ఇచ్చానని ఇంట్లో అనుకుంటున్నారు. మా ఆయన కూడా. ల్యాబులో ఇవాళ నన్ను కౌంటర్ నుంచి లేపేశారు. అక్కడ అందరి వివరాలూ ఉంటాయి కదా, పోలీసులు అడిగిన మనిషిని ఉంచలేమన్నారు. మీరు ఇన్‌స్పెక్టర్‌కి ఈ ఒక్క మాట చెప్తే చాలు బాబాయ్."

మిషన్ మూత ఎత్తి అద్దం తుడిచాను. అద్దం శుభ్రంగానే ఉంది.

"రోజుకి రెండొందల మంది వస్తారు తల్లీ. ఎవరు ఎన్ని తీయించారో నాకెలా గుర్తుంటుంది?"

"సరే బాబాయ్" అని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 18

గుర్తుంది.

ఏప్రిల్ 23

ఆ పిల్ల ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఒక బ్యాగు, ఒక సంచి. బస్టాండు పక్కనున్న ఆడపిల్లల హాస్టల్లో ఉంటుందట. షాపు ముందు నుంచే నడిచి వెళ్ళింది. నేను వంగి కాగితాలు సర్దుకుంటున్నాను, నేల మీద కాగితాలేమీ లేవు.

మధ్యాహ్నం టైలరమ్మ వచ్చి కూర్చుంది. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు అన్నయ్యా. నేను పట్టాను గానీ నాకేం సంతోషంగా లేదు" అంది.

ఇంటి దొంగ అనగానే నా చెయ్యి బీరువా తాళం మీదకి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పిల్లలకి చెప్పే మాట అనుకునేవాణ్ణి.

ఏప్రిల్ 29

గొడుగాయన నీళ్ళ సీసా పారేశాను.

మే 2

పంతులమ్మ వచ్చింది. కాపీ చేతిలో పెట్టగానే కళ్ళజోడు సర్దుకుని "గీత ఏదీ?" అంది.

"అద్దం మార్పించానండీ."

"అయ్యో! దాని పక్కనే కదూ నేను సంతకం పెట్టేదాన్ని. గీతని బట్టి ఇది మన షాపు కాపీ అని గుర్తుపట్టేదాన్ని."

మామూలుగా అన్న మాటే. ఎప్పుడూ లేనిది, కాపీ మీద అడ్డంగా ఎందుకు రాస్తారండీ అని అడిగాను.

"కాపీకి కాళ్ళుంటాయి నాయనా. మనం ఇచ్చిన చోటే కూర్చోదు. ఎందుకిచ్చామో దాని మీదే రాసేస్తే ఇంకో గుమ్మం ఎక్కడానికి సిగ్గుపడుతుంది."

తర్వాత వీధిలోకి చూసి "ఆ గొడుగు మనిషి కనబడటం లేదే" అంది. "నన్ను కూడా అడిగాడు, సార్ బీరువాలో మీ కవరు లేదేం అమ్మా, ఒక కాపీ ఇచ్చిపోండి, నేను పెడతానన్నాడు. ఫిబ్రవరిలో. నీ బీరువా మీద అతగాడికెందుకంత శ్రద్ధ అనుకున్నాను."

అనుకున్నదాన్ని అప్పుడే నాకు చెప్పొచ్చు కదా తల్లీ. చెప్పినా నవ్వేవాణ్ణే.

మే 3

చెప్పేద్దామని టైలరమ్మ కొట్టుకి వెళ్ళాను. మిషన్ ముందు కూర్చుని కుట్టిందే విప్పుతోంది, విప్పిందే కుడుతోంది. కొడుకు ఇంట్లో అన్నం తినడం మానేశాడట.

"తప్పు చేశానంటావా అన్నయ్యా? కార్డు దాని చేతిలోనే కదా ఉంది. ఇంకెవరి చేతిలో ఉంది చెప్పు?"

నా ప్యాంటు పొడుగు తగ్గించమని ఇచ్చి వచ్చేశాను. అది సరిపోయిన ప్యాంటే.

మే 6

స్టేషన్‌కి వెళ్ళి అంతా చెప్పాను. బీరువా, గొడుగాయన, ముప్పై నాలుగో నంబరు, గీత. చుక్క సంగతి రెండుసార్లు చెప్పాను. కోడలు మొదటిసారి నా షాపులో అడుగుపెట్టిన రోజే అద్దం మీద చుక్క పడింది, ఆమె తీయించిన ప్రతి కాపీ మీదా చుక్క ఉంటుంది, మీ ఫైల్లో కాపీకి చుక్క లేదు కాబట్టి అది ఆమె రాకముందు నేను తీసి దాచినది.

ఇన్‌స్పెక్టర్ ఓపిగ్గా విన్నాడు.

"ఆ అద్దం చూపించండి."

"పగలగొట్టి పారేశాను."

"బీరువాలో కాపీలు?"

"చించేశాను."

"నంబర్ల పుస్తకం?"

"అది కూడా."

"పెద్దవారు, నేను కఠినంగా మాట్లాడను. మీ ఇంట్లో పిల్లలాంటిది కాబట్టి తప్పించాలని చూస్తున్నారేమో. ఆ చుక్క ఫలానా రోజే పడిందని నేనెలా నమ్మాలి?"

నిజం దాచినన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. నిజం చెబితే ఆధారం కావాలట. న్యాయమే. ఆధారం తుడిచేసింది నేనే.

మే 7

పొద్దున షాపు తీసి కూర్చున్నాను గానీ మిషన్ ఆన్ చేయలేదు. ఏం రాశానో చూసుకుందామని డైరీ కట్ట విప్పాను. ఫిబ్రవరి 11 చదువుతుంటే వెనక నుంచి చుక్క కనబడింది.

కాగితం తిప్పాను. గీత, చుక్క. ఫిబ్రవరి 10 తిప్పాను. గీత ఒక్కటే, పక్కనే దరఖాస్తు మీద ఆఫీసు ముద్ర, తేదీ. కింద రెండేళ్ళ కాగితాలూ అంతే. ఫిబ్రవరి 10 దాకా ఒట్టి గీత, 11 నుంచి గీతా చుక్కా, ఏప్రిల్ 10 నుంచి ఏమీ లేదు. అందులో సగం దరఖాస్తులే, ఎవరి తేదీలు వాళ్ళ కాగితాల మీదే ఉన్నాయి. చించి, నానబెట్టి, ముద్ద చేసి అన్నీ మాయం చేశాననుకున్నాను. నేను రాసుకుంటున్నవి కూడా ఆ అద్దం మీది కాపీలేనని తట్టనే లేదు.

మొదట ఫిబ్రవరివి రెండు తీసి పక్కన పెట్టాను. వాటిలో నా తప్పేమీ లేదు, గొప్పలు తప్ప. ఆ పిల్ల బయటపడటానికి అవి చాలు. మిగతావి ఎవరూ చదవక్కర్లేదు. మనిషి తనకోసం రాసుకున్నది.

టీ తాగి వచ్చి ఏప్రిల్ 5 కలిపాను. మళ్ళీ తీశాను. 8 కలిపాను, ఆ పదకొండు నంబర్లు వేరే ఎక్కడా లేవు. 17, 18 మాత్రం చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. 18న రాసింది ఒక్క మాటే. కాగితమంతా ఖాళీయే. ఆ ఖాళీ ఇవ్వడానికి ఎందుకింత ఏడుపు?

అన్నీ వరసలో పెట్టి దారం కట్టాను. ఇది కూడా అందులోకే పోతుంది. రేపు ముందు హాస్టల్‌కి, తర్వాత స్టేషన్‌కి.

మే 9

ఇది కొత్త నోటుబుక్కు, కొన్నాను.

నిన్న హాస్టల్ ముందు గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. కట్ట ఆమె చేతిలో పెట్టాను. చదువు తల్లీ అన్నాను. చదివింది. ఒక్కో కాగితం చదివి, తిప్పి వెనక చూసి, బోర్లించి పెట్టింది. తొందరపడలేదు. ఏప్రిల్ 18 దగ్గర ఆగింది.

"నేనొచ్చి అడిగిన రోజే గుర్తుందా?"

"ఆ రోజే గుర్తుంది."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ. ఒక్కొక్క కాపీ. మూడోసారి వాన పడుతుంటే కార్డు కొంగులో చుట్టుకుని తెచ్చావు."

ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఆమె కాగితాలన్నీ సర్ది, అంచులు సమంగా తట్టి, దారం కట్టింది.

"దీని కాపీ మీ దగ్గర ఉంచుకున్నారా?"

"లేదమ్మా. ఒక్కటే."

"పదండి" అని చెప్పులేసుకుంది. స్టేషన్ దాకా పక్కపక్కనే నడిచాం.

ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గర వెలుగులో పెట్టి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఆ పిల్లకి దీంతో సంబంధం లేదని రాసి ఇచ్చాడు. గొడుగాయన కోసం వెతుకుతారట. నా మీద ఏం రాస్తారో తర్వాత చెబుతామన్నారు. రాయనీ.

మే 15

తొమ్మిదో నంబరు సైకిల్ షాపాయన. పన్నెండు ఆయన తమ్ముడు. గుర్తున్నంతవరకు ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి చెబుతున్నాను, మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కనుక్కోండని. ఒకాయన తిట్టాడు. ఒకావిడ తిట్టకుండా తలుపేసుకుంది. 130 ఎవరో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆ మనిషికి ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

మే 19

స్టేషన్ వాళ్ళు టైలరమ్మకి అంతా చెప్పారట, నా ప్యాంటు మనిషితో పంపించింది. పొడుగు తగ్గించే ఉంది. చీలమండల పైకి వచ్చింది. అదే వేసుకుని షాపులో కూర్చున్నాను.

ఆమె హాస్టల్‌కి వెళ్ళి రమ్మని అడిగిందట. "చూద్దాం అత్తయ్యా" అందట ఆ పిల్ల. కొడుకు రోజూ సాయంత్రం ఆ గేటు దగ్గర నిలబడి వస్తున్నాడట.

మే 30

షాపు ముందు బోర్డు పెట్టాను. పంతులమ్మే రాసిచ్చింది, ఆమె దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. కాపీ దేనికో దాని మీదే రాసుకోండి. చెడిపోయింది అడిగి తీసుకోండి. అసలు కార్డు అద్దం మీద మర్చిపోకండి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు ఉందని సైకిల్ షాపాయన అన్నాడు. అనే హక్కు ఆయనకుంది.

మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ల్యాబువాళ్ళు మళ్ళీ తీసుకోలేదట, వేరేచోట దరఖాస్తు పెడుతోంది. తన కార్డు తనే అద్దం మీద పెట్టింది. మొదటి కాపీ వంకరగా వచ్చింది. అడక్కముందే ఆమె చేతిలో పెట్టాను. నాలుగు ముక్కలు చేసి సంచీలో వేసుకుంది. రెండోది బాగా వచ్చింది. బల్ల మీద వంగి, "ఉద్యోగ దరఖాస్తుకి మాత్రమే" అని అడ్డంగా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టింది. మూత ఎత్తి కార్డు తీసుకుంది.

"ఎంతండీ?" అంది.

చెప్పాను. చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. తీసుకున్నాను.